నేను వదిలేసిన డాక్టర్ సీటు

డాక్టర్ సీటు చేతికొచ్చాక దాన్ని వదిలేసి బొగ్గుబాయిలోకి దిగినవాణ్ణి నేను. దిగి ముప్పై ఆరేళ్ళు భూమి అడుగున గీతలు గీశాను. ఎదురెదురు దిక్కుల నుంచి తవ్వుకొస్తున్న రెండు సొరంగాలు నా గీత మీద కలిసిన ప్రతిసారీ, మధ్య గోడ పగిలాక టేపు పెట్టి చూస్తే తేడా వేలెడుకు మించలేదు. నమ్మకపోతే గోదావరిఖనిలో బాయి షిఫ్టు నడిపిన ఏ పాత సర్దార్‌నైనా ఆపి అడగండి.

ఈ రెండు సంగతులూ మా కాలనీలో అందరికీ తెలుసు. నేనే చెప్పాను కాబట్టి తెలుసు. అందులో సరుకెంత, పొంగెంత అన్నది కాస్త ముందుకు పోయాక ఒప్పుకుంటాను. ఇప్పుడే ఒప్పుకుంటే మీరు చదవడం ఆపేస్తారు.

ఇది మైనింగ్ డిప్లొమాలోకో, గని సర్వే పనిలోకో ఇప్పుడిప్పుడే అడుగుపెడుతున్న పిల్లల కోసం రాస్తున్నాను. అందులోనూ అడిగిన సీటు రాక దీన్ని రాసుకున్నవాళ్ళ కోసం. మీరు కంప్యూటర్లు అడిగారు, ఇది వచ్చింది. చుట్టాలింట్లో ఎవరైనా "ఏం చదువుతున్నవ్ రా" అంటే గొంతు తగ్గించి చెప్తారు. తెలుసు. నేనూ తగ్గించాను.

ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలి అన్నవి ఇందులో ఉండవు. అవి మీ ఆఫీసులో గుమాస్తా చెప్తాడు, టీ ఇప్పిస్తే ఇంకా బాగా చెప్తాడు. నేను చెప్పేది పని గురించి, ఒక పై అధికారి గురించి, ఒక అమ్మాయి గురించి, ఒక మేకు గురించి.

పనేమిటంటే

పైన ఉన్నంతసేపూ మనిషికి దిక్కు తెలుస్తూనే ఉంటుంది. ఎండ ఉంటుంది, రోడ్డు ఉంటుంది, ఎన్టీపీసీ పొగ గొట్టాల్లాంటి ఎత్తయినవేవో ఉంటాయి. బాయిలో దిగాక అవేవీ ఉండవు. ముందూ వెనకా ఒకటే నలుపు. టోపీ లైటు ఎంత దూరం పడితే అంతే లోకం.

అక్కడ దిక్కు చెప్పేవాడు సర్వేయర్. కప్పుకు ఒక మేకు కొడతాడు, పక్కన రంగుతో నంబరు వేస్తాడు. ఆ మేకుకు గుండు కట్టిన దారం వేలాడదీస్తాడు. కొన్ని గజాల అవతల ఇంకో మేకు, ఇంకో దారం. వెనక నిలబడి చూస్తే రెండు దారాలూ ఒక్కటిగా కనిపించాలి. ఆ చూపు పోయి ఎదుటి బొగ్గు గోడకు ఎక్కడ తగులుతుందో అక్కడ సున్నంతో గీత పెడతారు. తవ్వేవాళ్ళు ఆ గీతను పట్టుకుని ముందుకు పోతారు. ఇవాళ మంచి మంచి యంత్రాలొచ్చాయి. మేకు, దారం, నంబరు మాత్రం ఇంకా ఉన్నాయి.

తవ్వేవాళ్ళు ఆ గీతను ఎందుకు నమ్ముతారంటే, నమ్మకపోతే వాళ్ళకు వేరే దారి లేదు కాబట్టి. "ఈ సబ్జెక్టు నీకు ఇష్టమేనా, మొదటి ఆప్షనా, మూడో ఆప్షనా" అని వాళ్ళలో ఒక్కడూ నన్ను ఎప్పుడూ అడగలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, దీని మీదికే మళ్ళీ వస్తాను.

మూర్తి గారు నన్ను వెనక్కి నడిపించిన రోజు

నా మొదటి పై అధికారి మూర్తి గారు. గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. తెల్ల చొక్కాతో బాయిలో దిగి తెల్ల చొక్కాతోనే పైకి వచ్చేవారని అనేవాళ్ళు. అది కూడా కొంచెం పొంగే. కాలరు నల్లబడేది.

ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. కోణాలు కొలిచే యంత్రంలో చూసేవాడు అంకె పిలవాలి. పుస్తకంలో రాసేవాడు రాసింది తిరిగి పైకి చదవాలి. పిలిచినవాడు విని "సరే" అనాలి. ఆ "సరే" వినపడేదాకా ఎవరూ అక్కణ్ణుంచి కదలకూడదు.

నేను చేరిన రెండో నెలలో ఆయన పిలిచారు, నేను రాశాను, తిరిగి చదవలేదు. పైకొచ్చి లెక్క వేస్తే గీత వంకరపోయింది. అరవై మూడుకు ముప్పై ఆరు రాశాను. ఆయన నన్ను తిట్టలేదు. టోపీ పెట్టుకుని, "పద" అన్నారు. అప్పటికే షిఫ్టు దిగిపోయింది. మళ్ళీ బాయిలోకి దిగి, బొగ్గు తవ్వే ఆ ఫేసు దాకా నడిచి, ఆ ఒక్క అంకె మళ్ళీ చూసి, మళ్ళీ పిలిచి, నేను తిరిగి చదివి, ఆయన "సరే" అని, మళ్ళీ పైకి. దారిలో ఒకే ఒక్కసారి మాట్లాడారు.

"ఏవయ్యా, నీకీ పని ఇష్టం లేదు కదూ?"

నేను నసిగాను. మనసులో ఉన్నది కరెంటు పని, ఎలక్ట్రికల్ సీటు. అదీ చెప్పలేదు.

"ఇష్టం లేనివాడు రెండుసార్లు కొలవాలి," అన్నారు. కాసేపు నడిచాక, "ఇష్టం ఉన్నవాడూ రెండుసార్లే కొలవాలి. మేకుకి ఆ తేడా తెలీదు," అన్నారు.

ఇష్టం గురించి నేను విన్న మాటల్లో అన్నిటికంటే పనికొచ్చింది ఇదే. మీ చుట్టూ రెండు రకాల పెద్దవాళ్ళు ఉంటారు. ఇష్టమైనదే చెయ్యమని ఒకరు, వచ్చినదాన్ని ఇష్టపడమని ఇంకొకరు. ఇద్దరూ మీకు మేకు ఎలా కొట్టాలో చెప్పరు. ముందు అది నేర్చుకోండి. ఇష్టం వస్తే వస్తుంది. రాకపోతే పొండి, తప్పేం లేదు. మా దగ్గర కంప్యూటర్ల మీద మనసున్న కుర్రాడు ఒకడు ఆర్నెల్లకే మానేసి హైదరాబాద్ పోయాడు. పోయి మంచి పని చేశాడు. ఉన్న ఆర్నెల్లూ అంకె తప్పు రాయలేదు కాబట్టి అతనంటే నాకు ఇప్పటికీ గౌరవం. మనసు లేకుండా ముప్పై ఏళ్ళు ఉండి, ఏనాడూ తలెత్తి కప్పు వంక చూడనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళతో నడవడానికే నాకు భయం.

ఏ సీటు అడిగితే ఇది వచ్చింది

ప్రతి ఏడాదీ డిప్లొమా అయిన పిల్లలు శిక్షణకు వస్తారు. మొదటి రోజు అందరినీ సర్వే గదిలో నిలబెట్టి ఒకటే ప్రశ్న అడిగేవాణ్ణి: "ఏ సీటు అడిగితే ఇది వచ్చింది?"

నిజం చెప్పిన బ్యాచు బాగుపడుతుందని నా లెక్క. ఒకడు కంప్యూటర్స్ అంటాడు, ఒకడు ఎలక్ట్రానిక్స్ అంటాడు. ఎవడైనా "మైనింగే అడిగిన సార్" అంటే గది మొత్తం నవ్వేది.

నేను ఇంకో ఏడాదిన్నరలో రిటైరై దిగిపోతాననగా వచ్చిన బ్యాచులో ముగ్గురు ఆడపిల్లలు ఉన్నారు. ఆడవాళ్ళు బాయి లోపలికి దిగి పనిచేయడానికి అప్పటికి అనుమతి వచ్చి ఎన్నో ఏళ్ళు కాలేదు. ఆ ముగ్గురిలో ఒకరు రవళి. తండ్రి ఓదెలు మా బాయిలోనే ఒకప్పుడు తట్టతో బొగ్గెత్తి పట్టాల మీది టబ్బులు నింపిన మనిషి. మంథని వైపు పల్లె నుంచి వచ్చి క్వార్టర్లలో స్థిరపడ్డ కుటుంబం.

"నువ్వేం అడిగినవ్ బిడ్డా?"

"నర్సింగు సార్."

"నర్సింగుకూ బాయికీ ఏం సంబంధం?"

"ఏం లేదు సార్. గది రాలే, గిది వచ్చింది."

పక్కనే గుండ్లకు దారాలు చుడుతున్న మా చైన్‌మన్ రాజలింగు నవ్వాడు. చైన్‌మన్ అంటే టేపు పట్టేవాడు, మేకు కొట్టేవాడు, గుండు వేలాడదీసేవాడు. నాతో ఇరవై రెండేళ్ళు నడిచాడు. నా మాటల్లో ఏది సరుకో ఏది పొంగో నాకంటే బాగా తెలిసినవాడు.

నెల తిరిగేసరికి నాకు ఒకటి అర్థమైంది. ఆ పిల్ల రాసిన పుస్తకం చూస్తే అంకెలు అచ్చు వేసినట్టు ఉన్నాయి. పిలిచిన ప్రతి అంకెనూ, అడగకపోయినా, తిరిగి చదివేది. నేను "ఊఁ" అంటే కదిలేది కాదు.

"సరే అనుండ్రి సార్."

"ఊఁ అన్న గదా."

"ఊఁ అంటే విన్నరో లేదో నాకెట్ల తెలుస్తది?"

మూర్తి గారి పద్ధతి ఆ అమ్మాయికి నేనే నేర్పాను. నా దాకా వచ్చేసరికి నాకే బరువైంది.

సోమవారం

అప్పుడు మా బాయిలో రెండు సొరంగాలను కలిపే పని ఒకటి నడుస్తోంది. ఒక వైపు నుంచి పాత లెవల్, ఇంకో వైపు నుంచి కొత్త లెవల్ తవ్వుకుంటూ వచ్చి మధ్యలో కలవాలి. అవి కలిస్తేగాని కొత్త వైపుకు గాలి సరిగా తిరగదు. అక్కడ పనిచేసేవాళ్ళకు చొక్కా పిండితే నీళ్ళు కారేవి. రోజూ నన్ను చూడగానే ఒకటే అడిగేవాళ్ళు: "ఎప్పుడు కలుస్తది సార్?" నేను "వారంల" అనేవాణ్ణి. అలా అంటూ నెల దాటింది.

ఆ సోమవారం పొద్దున రవళి సర్వే గదిలోకి ఫోను పట్టుకుని వచ్చింది.

"సార్, సీటొచ్చింది."

"ఏం సీటు?"

"నర్సింగు. అప్లికేషన్ మళ్ళ పెట్టిన గదా. కరీంనగర్ల. శనివారం సాయంత్రం నాలుగింటి లోపట సర్టిఫికెట్లు పట్టుకొని పోవాలె. పోకుంటె ఇంకొకలకు ఇస్తరట."

"ఇంట్ల ఏమంటున్నరు?"

"బాపు నీ ఇష్టం అంటుండు. అవ్వయితే పోనే పో అంటున్నది. ఆడపిల్లకు బాయిల ఏం పని అని. మీరేమంటరు సార్?"

ఇక్కడ నేను ఒక మంచి పెద్దమనిషిలా "నీ మనసేం చెప్తే అది చెయ్యి తల్లీ" అన్నానని రాద్దామనుకున్నాను. ఒక కాగితం మీద అలా రాసి చింపేశాను కూడా. నేను అన్నది అది కాదు.

"చెప్తె నమ్మవు," అన్నాను. "నాకు ఏకంగా డాక్టర్ సీటే వచ్చింది. వరంగల్ల. వదిలేసి వచ్చిన."

"ఎందుకు సార్?"

"డాక్టరు ఒకసారి ఒక్కణ్ణి చూస్తడు. సర్వేయర్ గీసిన గీత మీద షిఫ్టుకు వందమంది నడుస్తరు. నాకు గదే పెద్దగనిపించింది."

ఆ పిల్ల నా వంక చూసింది. ఫోను వంక చూసింది. "సరే సార్," అని దీపం తెచ్చుకోవడానికి పోయింది. మూలన రాజలింగు దారం చుట్టడం ఆపి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టాడు.

ఇప్పుడు ఒప్పుకునే వంతు నాది. నాకు ఏ డాక్టర్ సీటూ రాలేదు. పరీక్ష రాసిన మాట నిజం. వచ్చిన ర్యాంకు ఫోన్ నంబరంత పొడుగుంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ అడిగాను. లైన్లో నా ముందు ముగ్గురు ఉండగా ఆ సీట్లు అయిపోయాయి. బెల్లంపల్లి బాయిలో పనిచేసే మా బాపు నా మెడ మీద చెయ్యి వేసి, "మైనింగ్ ఉన్నదట, రాస్కో" అన్నాడు. రాసుకున్నాను. అంతే. నేను వదిలేసింది ఏమీ లేదు. నన్ను వదిలేసినవి రెండు ఉన్నాయి.

మరి ఆ అబద్ధం ఎందుకు చెప్పానంటే, ఆ పిల్ల మంచి కోసమని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా కాదు. నేను దిగిపోయేలోపు నా పుస్తకాలు అప్పజెప్పడానికి ఒక మంచి చెయ్యి కావాలి. దొరక్క దొరక్క దొరికింది. పోనివ్వబుద్ధి కాలేదు.

మూడు దెబ్బలు

మంగళవారం మొదటి షిఫ్టు. రెండు లెవల్స్ మధ్య బొగ్గు గోడ పలచబడేకొద్దీ మా దగ్గర ఒక అలవాటు ఉంది. ఫోనులో చెప్పుకుని, ఒక వైపు పని ఆపి చెవి పెడతారు. రెండో వైపు సుత్తితో గోడను మూడుసార్లు కొడతారు. గోడ గుండా ఆ చప్పుడు వినపడితే తవ్వేవాళ్ళకు పండగ. కొత్త వైపు నేను, రవళి, రాజలింగు, షిఫ్టువాళ్ళు నిలబడ్డాం. అవతల కొట్టారు. ఒకటి, రెండు, మూడు. ఇవతల అందరూ కేక పెట్టారు.

రవళి ఒక్కతే గోడకు చెవి ఆనించే ఉంది.

"మళ్ళొకసారి కొట్టమనుండ్రి సార్."

మళ్ళీ కొట్టారు. ఆమె గోడ వెంట ఎడమకు జరిగింది. ఇంకా జరిగింది. మూల దాకా పోయింది.

"సప్పుడు ఎదురుంగ వస్తలేదు సార్. గిటు దిక్కు వస్తున్నది."

"బొగ్గుల సప్పుడు తిరుగుతది బిడ్డా. పగుళ్ళుంటయ్. దాన్ని నమ్మద్దు."

"గంత తిరుగుతదా?"

"ముప్పై ఐదేండ్ల సంది వింటున్న."

ఆమె బుధవారం రాజలింగును తీసుకుని, నాకు చెప్పకుండా, మూడు వారాల కిందట మేం గీత ఇచ్చిన బాయి లోపలి చౌరస్తా దాకా పోయింది.

మీకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. బొగ్గు దుమ్ము నిప్పంటుకోకుండా బాయిలో గోడలకూ కప్పుకూ సున్నపురాయి పొడి చల్లుతారు. మంచిదే, చల్లాల్సిందే. కానీ అది నంబర్ల మీదా పడుతుంది. ఆ చౌరస్తాలో కప్పుకు రెండు మేకులు ఉన్నాయి. ఒకటి కొత్తది. ఒకటి ఏళ్ళ కిందట వేరే పనికి కొట్టిన పాతది. మధ్య దూరం రెండు మూరలు. రెండిటి మీదా తెల్లటి పొడి. రవళి రాజలింగు భుజం మీద ఎక్కినంత పని చేసి, గుడ్డతో పొడి తుడిచి చూస్తే, మేం గుండు వేలాడదీసింది పాత మేకుకు.

మేకు దగ్గర తేడా రెండు మూరలే. ఆ తప్పు గీత వెంట నడిచేకొద్దీ పెరుగుతుంది. మా కొత్త లెవల్ అలాగే పోతే, పాత లెవల్ పక్కనుంచి పలకరించకుండా దాటిపోయేది. మా అదృష్టం, ఆ పక్కన ఉన్నది గట్టి బొగ్గు. పాత తవ్వకాల్లో నిలిచిన నీళ్ళు ఉండి ఉంటే దీన్ని ఇలా నవ్వుతూ రాసేవాణ్ణి కాదు. అసలు రాసేవాణ్ణే కాదు.

మేనేజర్ పిలిచాడు. "ఎట్ల జరిగింది?" అన్నాడు. ఈ ముచ్చట నేను మా కాలనీలో చెప్పేటప్పుడు, "తప్పు నాదే సార్ అని ఛాతీ విరుచుకుని చెప్పిన" అంటాను. ఆ రోజు నా నోట్లోంచి వచ్చింది వేరు.

"పొడి సార్. నంబరు కప్పేసింది."

రవళి నా పక్కనే నిలబడి ఉంది. నా వంక చూసి తల దించుకుంది. ఎందుకంటే మూడు వారాల కిందట ఆ చౌరస్తాలో ఆమె తలెత్తి, "సార్, నంబరు కనవడ్తలేదు, తుడువాల్నా?" అని అడిగింది. "అక్కర్లే, అదే. కండ్లు మూసుకొని చెప్త," అన్నది నేను. కళ్ళు మూసుకునే చెప్పాను మరి.

బయటికొచ్చాక వరండాలో రాజలింగు నా పక్కన నడుస్తూ, ఎటో చూస్తూ అన్నాడు. "పొడికి ఛార్జిషీట్ ఇస్తరా సార్?"

ఆ మాట రోజంతా చెవిలో ఉంది. గురువారం పొద్దున మేనేజర్ గదికి నేనే పోయి చెప్పాను, నంబరు తుడవమని అడిగిన పిల్లను వద్దన్నది నేనని. అతను చాలాసేపు పెన్ను తిప్పాడు. "ఇంకో ఏడాదిల దిగిపోయేటోనివి. నిన్నేమనాలె?" అన్నాడు. తర్వాత, "గీత ఆ పిల్లతోని వేపియ్యి. నువ్వు తిరిగి సదువు," అన్నాడు.

నేను చూసిన శిక్షల్లో అది అన్నిటికంటే సరైనది. ఆ రోజు ఆమె అంకెలు పిలిచింది, నేను రాశాను, తిరిగి చదివాను. ఆమె "సరే" అన్నదాకా కదల్లేదు.

శనివారం

శనివారం సాయంత్రం నాలుగు అన్న మాట నా తలలో గడియారంలా కొట్టుకుంటోంది. బస్సులో రెండు గంటలైనా పడుతుంది. పొద్దున ఆమె డ్యూటీకి వచ్చింది. నేను ఏమీ అడగలేదు. ఓదెలు సర్టిఫికెట్ల ఫైలు పట్టుకుని గోదావరిఖని బస్టాండులో పదింటి నుంచీ కూర్చున్నాడని నాకు తర్వాత తెలిసింది. హాజరు వేయించుకుని, పదకొండింటికల్లా సెలవడిగి వస్తానని కూతురు చెప్పిందట.

పదకొండయింది. రవళి ఇచ్చిన కొత్త గీత మీద ఎడమకు మళ్ళించిన ఫేసు దగ్గర పొడవాటి డ్రిల్లు రాడ్డుతో ముందుకు రంధ్రం వేస్తున్నారు. అవతలి వైపు మనుషుల్ని ముందే ఖాళీ చేయించారు. రాడ్డు చప్పుడు ఒక్కటే. ఒక క్షణంలో ఆ చప్పుడు మారింది. అడ్డం తగులుతున్నదేదో లేనట్టు రాడ్డు మూరెడు జారి లోపలికి పోయింది. వెనక్కి లాగారు. ఆ రంధ్రంలోంచి సన్నగా ఈల. నేను ముందుకు వంగి మొహం పెట్టాను. గాలి. నెలల తరబడి ఉడికిపోయిన చోట, చెమట పట్టిన మొహానికి చల్లటి గాలి తగిలింది. కళ్ళలో దుమ్ము పడ్డా మొహం పక్కకు తియ్యబుద్ధి కాలేదు. అవతలి లెవల్ వాసన, తడి కర్ర వాసన, ఆ వేలెడు రంధ్రంలోంచి వచ్చింది. వెనక ఎవరో మెల్లగా "వచ్చింది" అన్నారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

తర్వాత పేలుడు పెట్టారు, గోడ పోయింది. రెండు గీతల మధ్య టేపు పెట్టి చూస్తే తేడా వేలెడు.

రవళి పైకొచ్చేసరికి మూడు దాటింది. ఇక కరీంనగర్ బస్సు ఎక్కినా లాభం లేదు. మొహం కడుక్కోకుండా బస్టాండుకు పోయింది. అక్కడేం జరిగిందో ఓదెలు నాకు చెప్పాడు.

"తిడుదామనే లేచిన సార్. మొఖం జూస్తే నల్లగుంది, పండ్లు తెల్లగ కనవడ్తున్నయ్. 'కలిసినయ్ బాపూ' అన్నది. ఇగ నేనేమంట? 'గాలొస్తున్నదా' అనడిగిన. 'వస్తున్నది' అన్నది. ఇద్దరం చాయ్ తాగి ఇంటికొచ్చినం."

ఇన్నాళ్ళూ మోసింది

నేను దిగిపోయి రెండేళ్ళు దాటింది. రవళి అదే బాయిలో సర్వే పనిలో ఉంది. నా పుస్తకాలు ఆమె దగ్గరున్నాయి. పైకి గర్వంగా తిరుగుతున్నా, లోపల ఒకటి గుచ్చుకుంటూనే ఉంది. ఆ సోమవారం నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి ఒక పిల్ల తను కోరుకున్న సీటు వదులుకుంది. కొత్త బ్యాచులకు ఆమె, "మా సార్ డాక్టర్ సీటు వదిలేసి వచ్చిండు" అని చెప్తుందని విన్నప్పుడల్లా మాట మార్చేవాణ్ణి. ఆ పని ఆమెకు బాగానే నప్పింది. అయినా నప్పుతుందని ఆ రోజు నాకేం తెలుసు?

కాబట్టి నా సలహా, ఇది మాత్రం పొంగు లేని సలహా. మీరు రెండో ఆప్షన్‌గా వచ్చిన పనిలో ఉండాలా పోవాలా అని ఏ ముసలాడినీ అడగకండి. అతనికి మీతో అవసరం ఉండొచ్చు. పని దగ్గరికి పోయి నిలబడండి, చేత్తో ముట్టుకుని చూడండి, ఆ తర్వాత మీరే తేల్చుకోండి. నాలాంటివాడు కథ చెప్తే, తుడిచి నంబరు చూసుకోండి.

ఇంత రాశాక, అచ్చుకు ఇచ్చేముందు ఆమెకు చూపించడం ధర్మమనిపించింది. మొన్న ఆదివారం ఇంటికి పిలిచి కాగితాలు చేతికిచ్చి, అబద్ధం సంగతి నోటితో కూడా ఒప్పుకున్నాను. క్షమించమని అడగడానికి గొంతు సవరించుకుంటున్నాను. ఆమె కాగితాలు తిప్పుతూనే ఉంది. మా ఆవిడ ఇచ్చిన చాయ్ చల్లారిపోయింది. చివరి కాగితం కింద పెట్టి మాట్లాడింది. ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నాను. పైన రాసింది మాత్రం దిద్దలేదు, దిద్దితే నేనెలాంటివాణ్ణో మీకు తెలియదు.

"మీ డాక్టర్ సీటు ముచ్చట మన రాజలింగు కాకనే నాకు మొదటి వారంల చెప్పిండు సార్. ఒక బ్యాచుకు వరంగల్ అన్నరట, ఇంకో బ్యాచుకు హైదరాబాద్ అన్నరట. నేను ఒక్కనాడు నమ్మలే. కొత్త పిల్లలకు నవ్వుకోనీకి చెప్త."

నేను ఏదో అనబోయాను.

"ఆగుండ్రి. తేడా వేలెడు కాదు, మూరెడు. టేపు పట్టింది నేను, పుస్తకంల ఉన్నది."

"మూరెడా?"

"మూరెడు. ఇగ శనివారం. పదకొండింటికి పోదామనే ఉన్న. సంచి గూడ సర్దుకొనే వచ్చిన. రాడ్డు జారింది, గాలి వచ్చింది, గది నా మొఖానికి తగిలింది సార్. మీ మొఖానికి కాదు. మీరక్కడ లేరు. మోకాలు పట్టుకొని పంపు కాడ బెంచి మీద కూసున్నరు. నేనొచ్చి చెప్తె విన్నరు. నేనున్నది ఆ గాలికి. మీరు చెప్పిన దానికి కాదు."

గాలి తగిలిన పేరా ఉన్న కాగితం తీసి నా ముందు పెట్టి, వేలితో చూపించింది.

"గీ పేరా నాది. నా పేరు మీద రాయుండ్రి."